పచ్చగుడ్డ అంచున పిల్లి

దుకాణం,
నీ కుర్చీలోంచి

పిన్నీ,

ఫోన్ చేస్తే "బాగున్నానే, తిన్నావా, సరే ఉంటా" అని ముగించేస్తున్నావు. ఫోనులో నువ్వు ఎన్ని అబద్ధాలైనా చెప్పగలవు, కాగితం మీద ఒక్కటి రాయలేవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. ఆ పెద్ద సంస్థ వాళ్ళ గోడగడియారాలన్నీ బాగుచేసే పని ఎంతవరకు వచ్చింది? చేతికింద ఎవరైనా ఉన్నారా, అన్నీ నువ్వే దించి నువ్వే ఎక్కిస్తున్నావా?

ఇక్కడ నీ దుకాణం నడుస్తోంది. నడుస్తోంది అంటే కుంటుతోంది. వాచీకి సెల్లు మార్చడం, బెల్టు వెయ్యడం, గొలుసు పొడవైతే ఒక లింకు తీసెయ్యడం, ఇవే కదా నువ్వు నాకు నేర్పి వెళ్ళింది. అంతకుమించిన పని వస్తే "పిన్ని వచ్చాక" అని చీటీ కట్టి సొరుగులో పెడుతున్నాను. గోడ మీద గడియారాలు పలకరింపుల్లేని తోడికోడళ్ళలా తలో టైము చూపిస్తున్నాయి. అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, "రెండో ఉద్యోగం కూడా మానేసి పిల్లికి కాపలా కూర్చున్నావా? ఇందుకేనా నిన్ను అంత చదివించింది?" అంది. ఔనన్నాను. పెట్టేసింది.

ఇక పిల్లి సంగతి. లోలకం అని పేరు పెట్టావు గానీ, లోలకానికైనా అటూ ఇటూ ఊగే చలనం ఉంటుంది. దీనికి నేను కనబడను. పెట్టింది తింటుంది, తిన్నాక నాకు వీపు తిప్పి కూర్చుంటుంది. ఎత్తుకుంటే తడిగుడ్డలా చేతుల్లోంచి జారిపోతుంది. నేను నీ ఏప్రన్ కట్టుకుని, నీ కుర్చీలో కూర్చుని, దీపం వెయ్యగానే మాత్రం ఎక్కడున్నా వస్తుంది. వచ్చి, బల్ల మీద నువ్వు పరిచిన పచ్చగుడ్డ అంచున కూర్చుంటుంది. గుడ్డ మీద కాలు పెట్టదు, సరిహద్దు కాపలా సిపాయిలా అవతలే ఉంటుంది. నా మొహంలోకి చూస్తుంది. ఏం చూస్తుందో తెలియదు.

ఇంకో మాట. దాని కుడికన్నులో ఏదో తేడా ఉంది. ఉండి ఉండి అదొక్కటే మూసుకుపోతోంది. నలక పడిందేమో.

నీ
సెకన్లముల్లు

*

పని మీద వచ్చిన ఊరు

సెకన్లముల్లూ,

ఇక్కడ పని సాగుతోంది, చెప్పుకోవడానికేం లేదు.

లోలకం మీద నీ ఫిర్యాదు చదివి నవ్వొచ్చింది. పిల్లి వీపు తిప్పి కూర్చుంటే అవమానం అనుకుంటారటే? వెనకనుంచి ఎవరొచ్చి మీదపడతారో అని బతుకంతా చెవులు రిక్కించే జంతువు అది. అలాంటిది నీకు వీపు అప్పగించిందంటే, నువ్వు ఏమీ చెయ్యవని తీర్పు చెప్పేసిందన్నమాట. తోక నిలువుగా ఎత్తి, కొస కాస్త వంచి ఎదురొస్తే అది పలకరింపు. నీ కాలికి చెంప రుద్దితే నువ్వు దాని సామాను. మనం గొడుగు పిడి మీద పేరు రాసుకుంటాం చూడు, అలా. మెత్తటి బట్ట కనబడితే ముందుకాళ్ళతో పిండి పిసికినట్టు పిసుకుతుంది. తల్లి పాలు తాగేటప్పుడు నేర్చిన పని అది. ఎంత పెద్దదైనా నిశ్చింతగా ఉన్నప్పుడు మళ్ళీ మొదలెడుతుంది.

ఇవన్నీ నీకు చేస్తే సంతోషించు. నాకు ఇందులో సగం కూడా చెయ్యదు. గిన్నె నేనే పెడతాను, తలుపు నేనే తీస్తాను, అయినా ఒక్కరోజు ఒళ్ళోకి ఎక్కలేదు. బల్ల దగ్గర కూర్చునేది దీపం వేడికి. దానికి వేడి కావాలి, దీపం నా దగ్గరుంది. అంతే మా బంధుత్వం. నాకూ అంతకంటే అక్కర్లేదు.

పచ్చగుడ్డ మీదికి రాదన్నావు, మంచిదే. వాచీలోకి ఒక్క వెంట్రుక పోయినా చక్రం ఆగిపోతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి గట్టిగా అరిచాను. అప్పటినుంచి గుర్తుంచుకుంది.

కానీ కన్ను విషయం వదిలెయ్యకు. ఈ ఉత్తరం చదవడం ఆపి ఇప్పుడే బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. నలక అనుకుని, నిద్రలేమి అనుకుని, రేపు చూద్దాం అనుకుని కూర్చోవద్దు. కంటి విషయంలో రేపు అనేది లేదు.

పిన్ని

*

దుకాణం,
గీరిన చేతితో

పిన్నీ,

తీసుకెళ్ళాను. బుట్టలో పెట్టడానికే నా చెయ్యి నకాషీ పని అయింది.

డాక్టరమ్మ చిన్న టార్చి వేసి చూసి, "కన్ను శుభ్రంగా ఉందమ్మా" అంది.

"కానీ మూసుకుంటోంది డాక్టర్."

"ఇక్కడ మూసుకోలేదే?"

"ఇక్కడ మూసుకోదు. నా బల్ల దగ్గర మూసుకుంటుంది."

"అయితే వైద్యం బల్లకి చెయ్యాలి."

నేను వదుల్తానా! ఫోనులో చదివిన జబ్బులన్నీ వరసపెట్టి అప్పజెప్పాను. ఆవిడ విసిగి, "ఈ చుక్కలు వెయ్యండి, మేలు చెయ్యకపోయినా కీడు చెయ్యవు, ముందు మీకు మనశ్శాంతి" అని సీసా ఇచ్చింది. ఇప్పుడు నన్ను చూస్తే లోలకం బీరువా మీదికి ఎక్కుతోంది. తువ్వాలులో చుట్టి, మోకాళ్ళ మధ్య ఇరికించి, సీసా వంచేలోపు అది తువ్వాలు నాకు వదిలి తను వెళ్ళిపోతోంది. అయినా బల్ల దగ్గర మటుకు వచ్చి కూర్చుంటుంది. ఆ కన్ను మటుకు మూస్తుంది. దాని మొండితనమో నా మొండితనమో తేలాలి.

నిన్న ఇంకో ఘనకార్యం చేసింది. లెక్కల మాస్టారు ఒకాయన వాచీ తీసుకోవడానికొచ్చాడు. ట్రే ఆయన ముందు పెట్టి మూత తీశాను. ఆయన వాచీ పక్కనే, అంతే శ్రద్ధగా, చచ్చిన బల్లి. మధ్యాహ్నం నేను మూత తీసి మరిచిపోయినప్పుడు పెట్టినట్టుంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇది కూడా రిపేరుకొచ్చిందా అమ్మా?" అన్నాడు.

"దీనికి సెల్లు అయిపోయిందండీ" అన్నాను.

నయం, నవ్వాడు. నవ్వకపోతే నీ పరువు పోయేది.

పక్క దుకాణంలో ఫోను కవర్లమ్మే ఆయన సాయంత్రం వచ్చి, "అక్క తిరిగిరాకపోతే చెప్పమ్మాయ్, మధ్య గోడ కొట్టేసి రెండూ కలిపేస్తా" అన్నాడు. "ఎందుకు రాదు?" అన్నాను. తల గోక్కుని, "ఊరికే అన్నాలే" అని వెళ్ళిపోయాడు. ఊరికే అనే మనిషి కాదు కదా ఆయన?

సెకన్లముల్లు

*

పని ఊరు

సెకన్లముల్లూ,

బల్లిని ట్రేలో పెట్టింది మాస్టారి కోసం కాదు, నీ కోసం. ఈ పిల్ల రోజంతా కుర్చీలో కూర్చుంటుంది, ఒక్క పురుగునైనా పట్టలేదు, ఎలా బతుకుతుందో అని దాని దిగులు. తిట్టకు. దాని ఎదుట పారెయ్యకు. కాసేపయ్యాక తీసెయ్యి.

చుక్కలు అలా వేస్తే ఎవరు ఊరుకుంటారు? సీసాని ముందు గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబెట్టు. చల్లగా పడితే ఒళ్ళంతా ఉలిక్కిపడుతుంది. ఎదురుగా నిలబడకు, పైనుంచి సీసా దిగుతున్నట్టు కనబడటమే సగం భయం. పక్కనుంచి రా. కింది రెప్ప కొంచెం లాగి ఆ సందులో వెయ్యి, గుడ్డు మీద కాదు. వేశాక ముక్కు పక్కన కన్ను మూలని వేలితో మెత్తగా నొక్కి పట్టు. లేకపోతే మందు గొంతులోకి దిగి నోరంతా చేదు. ఆ చేదు నీళ్ళు తాగినా పోదు, అన్నం తిన్నా పోదు.

కవర్లాయన మంచివాడే. గోడ సంగతి మళ్ళీ అడిగితే కోప్పడకు.

పిన్ని

*

దుకాణం

పిన్నీ,

అన్నం తిన్నా చేదు పోదని లోలకం నీకు ఎప్పుడు చెప్పింది?

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వరసలు కుడివైపుకి కొండెక్కుతున్నాయి. ఆవగింజలో సగం ఉండే మరల్ని వరసగా పేర్చే మనిషివి, నీ అక్షరం ఎప్పుడూ గీత తప్పదు. రెండింట్లోనూ ఒక్క గడియారం లేదు. మామూలుగా అయితే "ఇక్కడ ఒక ముసలి గడియారం ఉందే" అని దాని పుట్టుపూర్వోత్తరాలు రాసేదానివి. పిల్లి కంటికి నలక అంటే కంటి విషయంలో రేపు లేదన్నావు.

కవర్లాయన్ని నిలదీశాను. "అక్క ఒట్టు వేయించుకుందమ్మాయ్, నన్ను అడగకు" అన్నాడు. ఒట్టు ఉందన్న సంగతి చెప్పడమే చెప్పెయ్యడం అని ఆయనకి తట్టలేదు.

ఏ కన్ను? ఎంతవరకు? ఎక్కడున్నావు? మూడింటికీ జవాబు రాయి. కాగితం మీదే.

*

కంటి ఆసుపత్రి, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం

తల్లీ,

కుడికన్ను.

లోపలి పొర ఊడిందట, చెమ్మకి గోడ కాగితం ఊడినట్టు. మొదట నల్లటి పోగులు తేలాయి. వాచీలో వెంట్రుక పడిందనుకుని లోలకాన్ని తిట్టుకున్నాను. తర్వాత ఒక మూల నుంచి తెర దిగింది. గడియారాల పని అని మీకందరికీ చెప్పి ఇక్కడికొచ్చాను. రెండుసార్లు కోసి అతికించారు. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది. మర తెలియదు. ఇకముందూ తెలియదని డాక్టరు మర్యాదగా చెప్పాడు.

మీ అమ్మకి చెప్పకు. అక్క ఏడుస్తూ వస్తుంది, కట్టు కట్టుకుని నేను ఓదార్చాలి.

నేను కూర్చునే పద్ధతి నీకు తెలుసు. ఒంటికంటి భూతద్దం కుడికంటికి బిగించడం, ఎడమకన్ను మూసెయ్యడం, వాచీ తెరవడం. మా నాన్న నేర్పింది కుడికంటికీ కుడిచేతికీ. ఎడమది ఇన్నేళ్ళూ బల్ల దగ్గర జీతం తీసుకుని నిద్రపోయింది. దానికి పని రాదు. ఇప్పుడు నేర్చుకునే వయసూ కాదు, ఓపికా లేదు.

నీకొక్కదానికే చెప్తున్నాను. కుడికంటికి కట్టు ఉంది కదా, ఎడమది మూస్తే ఇంకేమీ ఉండదు. దీపం ఆర్పనివ్వడం లేదు, పక్క మంచం ఆవిడ గొణుగుతోంది. నిద్ర ముంచుకొస్తే తప్ప ఆ రెప్ప వెయ్యడం లేదు. పిచ్చే. తెలుసు.

అందుకని నిర్ణయించుకున్నాను. దుకాణం కవర్లాయనకి ఇచ్చేస్తాను. సొరుగులోవన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యి. నేను వేరే చోట చిన్న గది చూసుకుంటాను, బల్ల కనబడని చోట. లోలకాన్ని కూడా ఆయనే ఉంచుకుంటానన్నాడు. ఆయన దుకాణంలో మనకంటే పెద్ద దీపాలున్నాయి. దానికి తేడా తెలియదు.

పిన్ని

*

దుకాణం,
నీ కుర్చీ, నీ ఏప్రన్, నీ భూతద్దం

పిన్నీ,

ఇవ్వను. దుకాణమూ ఇవ్వను, పిల్లినీ ఇవ్వను. తిట్టుకుంటావో, ఫోన్ చేసి అరుస్తావో నీ ఇష్టం. ముందు ఇది మొత్తం చదువు. కళ్ళు అలిసిపోతే పక్క మంచం ఆవిడ చేత చదివించుకో. దీపం ఎటూ వెలుగుతూనే ఉంటుంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఒక గంట ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. కోపం వస్తే నాకు చేతులు ఊరుకోవు కదా, బల్ల దగ్గర కూర్చుని భూతద్దం బిగించి, సొరుగులోంచి ఎవరూ అడగని పాత వాచీ తీసి విప్పడం మొదలెట్టాను. నీలాగా ఎడమకన్ను మూసి. నువ్వైతే అలా కూర్చుంటే ఇల్లు కూలినా కదలవు. నాకు అంతసేపు రెప్ప నిలవదు. మధ్యలో తెరిచేస్తాను, దొంగచూపు చూస్తాను, మళ్ళీ మూస్తాను. అలా తెరిచినప్పుడు ఎదురుగా లోలకం కనబడింది. నా మొహంలోకి చూస్తూ, తన కుడికన్ను మెల్లిగా, ఎంత మెల్లిగానంటే తలుపు చప్పుడు కాకుండా వేసినట్టు, మూసింది. కాసేపు ఉంచింది. తెరిచింది.

నలక కాదు పిన్నీ. అది నాకు ఎదురుగా ఉంది. నా ఎడమకన్నుకి ఎదురుగా ఉండేది దాని కుడికన్ను.

నువ్వు నమ్మవని తెలుసు, దీపం వెలుగు పడి మూసుకుంటుందే అంటావు. అందుకే దీపాన్ని అటు తిప్పాను. మూసింది. దీపం ఆర్పి కిటికీ తెరిచి కూర్చున్నాను. అప్పుడూ మూసింది. భూతద్దం తీసేసి రెండు కళ్ళతో చూశాను. ఊరుకుంది. కవర్లాయన్ని బతిమాలి నీ కుర్చీలో కూర్చోబెట్టి భూతద్దం పెట్టించాను. "ఇదేం పరీక్షమ్మాయ్, నాకు ఏమీ కనబడ్డం లేదు" అంటూ ఆయన కూర్చున్నాడు. లోలకం ఆయనకి వీపు కూడా చూపించలేదు, బల్ల దిగి వెళ్ళిపోయింది.

నాకు కాస్త గర్వం వచ్చింది, నిజం చెప్తున్నాను. నన్ను ఒప్పుకుందన్నమాట అనుకున్నాను. మర్నాడు ఏప్రన్ ఉతికి ఆరేశాను, అది లేకుండా కూర్చున్నాను. భూతద్దం పెట్టాను, ఎడమకన్ను మూశాను, దొంగచూపు చూశాను. లోలకం నా వైపు ఉత్త పిల్లిలా చూస్తోంది. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఆ రోజంతా ఒక్కసారి కూడా మూయలేదు. సాయంత్రం చూస్తే బీరువా పక్కన నీ రెండో ఏప్రన్, ఉతకనిది, కిందకి లాగి దాన్ని పిసుకుతోంది. కళ్ళు అరమోడ్పులు, గొంతులో మోటారు. అది తీసి కట్టుకున్నాను. ఇంకా నీ వాసనే ఉంది, నూనె, ఇత్తడి, నువ్వు చేతులు కడుక్కునే సబ్బు. కూర్చున్నాను. లోలకం వచ్చింది, పచ్చగుడ్డ అంచున కూర్చుంది, కన్ను మూసి తెరిచింది.

ఉత్తరం నీకు పిన్నీ. నేను పోస్టుడబ్బాని.

ఎన్నేళ్ళుగా రాస్తోందో ఆలోచించు. నువ్వు చూడలేదు, చూడలేవు. నీ కుడికంటికి భూతద్దం, దాంట్లోంచి వేలెడు దూరం దాటితే అంతా మసక. ఎడమకన్ను మూసి ఉంది. భూతద్దం తీశాక చేతిలో వాచీ చూస్తావు గానీ పిల్లిని చూడవు. ఒళ్ళోకి రాదని అన్నావు. నువ్వు పచ్చగుడ్డ దగ్గర గీత గీశావు, అది గీత దాటకుండా అక్కడినుంచి చెయ్యగలిగింది చేస్తోంది. నువ్వు దాని వైపు ఒక కన్ను మూసి కూర్చుంటే, అది పలకరింపు అనుకుంది. జవాబిస్తోంది. పిల్లులు నమ్మినవాళ్ళ వైపు చూసి మెల్లిగా రెప్పలు వాలుస్తాయి కదా, నువ్వు నాకు రాసిన వాటిలో అదొక్కటే లేదు. నువ్వు చూడలేదు కాబట్టి.

ఇప్పుడు చెప్పు, తేడా తెలియదా దానికి?

ఇంకొకటి. ఎడమకంటికి పని రాదన్నావు. నాకు ఏ కంటికీ రాదు, అయినా కూర్చోబెట్టి వెళ్ళావు. నీ ఎడమకన్ను నాకంటే అధ్వాన్నమా?

చుక్కలు ఆపేశాను. డాక్టరమ్మకి చెప్తే, "బల్లకి నయమైందా?" అంది.

సెకన్లముల్లు

*

అదే మంచం

సెకన్లముల్లూ,

నీకు చదువు ఎక్కువైంది. పిల్లికి కునుకు వస్తే దాని మీద పరిశోధన రాశావు. నా మీద జాలితో ఇంత అల్లావని తెలుసు. కవర్లాయన చేత భూతద్దం పెట్టించడం మాత్రం చూడాలనిపించింది.

పక్క మంచం ఆవిడే చదివింది. "పోస్టుడబ్బాని" అన్న వాక్యం అడక్కుండానే రెండోసారి చదివింది. తర్వాత నా దీపం గురించి గొణగడం లేదు. నువ్వు పరాయివాళ్ళని కూడా పాడుచేస్తావు.

ఎడమకన్ను గురించి నువ్వు రాసింది తప్పు. నర్సుని సూది దారం అడిగి తీసుకున్నాను. దారం సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ పక్కనుంచే పోయింది. దూరం అంచనా అందదు. చెయ్యి ఒకచోట ఉందనుకుంటాను, అది ఇంకోచోట ఉంటుంది. నర్సు పాపం "నేను ఎక్కించనా?" అంది. నాకు, సూదిలో దారం! ఇక చెప్పేదేముంది?

వచ్చేవారం పంపించేస్తారు. నేరుగా ఆ చిన్న గదికి వెళ్దామనుకుంటున్నాను. సామాను కోసం ఒక్కసారి దుకాణానికి వస్తాను, తాళం సిద్ధంగా ఉంచు.

పిన్ని

*

దుకాణం,
సంచి సర్దుతూ

పిన్నీ,

చేతకాదు అనుకునేవాళ్ళు నర్సుని సూది దారం అడగరు.

నువ్వు వచ్చేసరికి నేను ఉండను. అలిగి కాదు. నేనుంటే నన్ను తిట్టడంలో పడి పిల్లిని చూడవు. పైగా ఆ వారమే నాకు గడియారాల పని నేర్పే శిక్షణ కేంద్రంలో చేరాలి. ఔను, చేరాను. పరీక్షలో ఒక వాచీ ఇచ్చి విప్పమన్నారు, విప్పాను. బిగించమన్నారు, ఒక మర మిగిలింది. అయినా తీసుకున్నారు. "మర మిగిలిందని ఒప్పుకున్నది నువ్వొక్కదానివే" అన్నాడు అక్కడి పెద్దాయన. అమ్మకి చెప్పాను. "పెద్ద చదువు చదివి మళ్ళీ చిన్న బల్ల దగ్గరికా!" అంది. తర్వాత, "మీ తాతయ్య నన్ను కూర్చోబెట్టబోతే నేనే పారిపోయాను" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నీ కన్ను సంగతి నేను చెప్పలేదు, నువ్వే చెప్పు. ఏడిస్తే ఏడవనీ.

తాళం కవర్లాయన దగ్గరుంది, నువ్వు వచ్చేదాకా లోలకానికి గిన్నె కూడా ఆయనే పెడతాడు. ఆయనతో మాట్లాడాను. "అక్క చెప్తేనే గోడ కొడతా, నువ్వు చెప్తే ఆగుతా, ఇద్దరి మధ్య నన్ను నలపకండి" అన్నాడు. నువ్వు చెప్పేదాకా గోడ ఉంటుంది.

నేను అడిగేది ఒక్కటే. సామాను సర్దకముందు ఏప్రన్ కట్టుకుని కుర్చీలో కూర్చో. దీపం వెయ్యి. ఎడమకన్ను తెరిచి ఉంచు. దాన్ని పిలవకు, చెయ్యి చాచకు, దానంతట అది రావాలి. ఏమీ జరక్కపోతే ఆ చిన్న గదికి నేనే వచ్చి సామాను సర్దిపెడతాను, ఒక్కమాట కూడా అనను. కాగితం మీద రాస్తున్నాను కదా, అబద్ధం కాదు.

సెకన్లముల్లు

*

దుకాణం,
నా కుర్చీలోంచి

సెకన్లముల్లూ,

తలుపు తీసేసరికి లోలకం మెట్ల మీద ఉంది. తోక ఎత్తలేదు. నా కట్టు చూసింది, చెప్పులు వాసన చూసింది, ఆసుపత్రి వాసన నచ్చక తుమ్మి, బీరువా ఎక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. నిన్ను మనసులో బాగా తిట్టాను. ఇదా నా ఉత్తరం అనుకున్నాను. సామాను సర్దబోయాను. గోడ మీద గడియారాలన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి. ఎప్పుడు సర్దావే అన్నీ? అది చూశాక పెట్టె మూత వేసేసి, మాటిచ్చాను కదా అనుకున్నాను. ఇవ్వలేదు గానీ ఇచ్చినట్టే అనిపించింది.

ఏప్రన్ కట్టుకున్నాను. దీపం వేశాను. పాడు అలవాటు, చెయ్యి దానంతటదే భూతద్దం తీసి కుడికంటి కట్టుకి తగిలించబోయింది. నవ్వొచ్చింది. ఎడమకంటికి పెట్టుకున్నాను. గూట్లో సరిగ్గా కూర్చోదు, ఎముక వేరు. నువ్వు మిగిల్చిన పాత వాచీ ముందుంది. ఒక మర తీయబోయాను, ట్వీజర్ మరకి అవతల పొడిచింది. మళ్ళీ పొడిచాను, ఈసారి ఇవతల. ఒళ్ళు మండి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాను.

అప్పుడు తల ఎత్తాను. లోలకం పచ్చగుడ్డ అంచున ఉంది. ఎప్పుడు దిగిందో, చప్పుడే లేదు.

దాన్ని నేను అక్కడ అలా ఎప్పుడూ చూడలేదే. అది కూర్చుంటుందని తెలుసు, ఒక మసక ముద్దలా తెలుసు. ఈ వైపు మీసం ఒకటి తెల్లగా ఉందని తెలియదు. ఛాతీ మీద మచ్చ ఉందని తెలియదు. ఇన్నేళ్ళు పనిలేకుండా పడుకున్న కన్ను ఇవాళ అన్నీ ఒక్కసారే చూడాలని తొందరపడింది.

నా మొహం చూసింది. అటు చూసింది, కట్టు. ఇటు చూసింది, తెరిచిన కన్ను. నేను ఊపిరి కూడా మెల్లిగా తీసుకున్నాను. నీ లెక్క ప్రకారం ఈసారి దాని ఎడమకన్ను మూయాలి కదా, ఇప్పుడు నాకు మూసి ఉన్నది కుడికన్ను కాబట్టి. మార్చలేదు. ఎప్పటి కన్నే, కుడిదే, మెల్లిగా వాల్చింది. అద్దంలా నన్ను చూసి చేసేదైతే వైపు మార్చేది. అది దాని సొంత మాట. నా కన్ను ఏ వైపు పోయినా దాని మాట మారలేదు.

జవాబు ఇవ్వాలి కదా మరి. నా దగ్గర మూయడానికి ఒక్క కన్నే ఉంది.

మూశాను. ఆసుపత్రిలో ఆ రెప్ప వెయ్యలేక ఎన్ని రాత్రులు దీపాన్ని పట్టుకుని కూర్చున్నానో నీకు తెలుసు. మూస్తే ఏమీ లేదు, నేను రాసినట్టే. కానీ గడియారాలు వినబడుతున్నాయి. వాటి మధ్యలో, దగ్గర్లో, ఆ గొంతులో మోటారు. నిదానంగా తెరిచాను. అది అక్కడే ఉంది.

తర్వాత ఆ మర తీశాను. ఎన్నిసార్లు పొడిచానో నీకెందుకు, తీశాను. చెయ్యి కొత్త దారి నేర్చుకోవాలి, నేర్చుకుంటుంది. సొరుగులో నువ్వు చీటీలు కట్టిన వాటిని చూశాను. తేలికవి ముందు పెట్టుకున్నాను, కష్టమైనవి నీకు ఉంచాను. కవర్లాయన టీ పట్టుకొచ్చి, "అక్కా, గోడ?" అన్నాడు. "దానికో మేకు కొట్టు, ఇంకో గడియారం తగిలిస్తాను" అన్నాను. మీ అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను, డాక్టరు వద్దన్నాడు, అయినా ఏడ్చాను. ఆదివారం వస్తానంది.

బాగా నేర్చుకో. కానీ అక్కడివాళ్ళు నీకు కుదురు నేర్పుతామంటే సగమే నేర్చుకో. భూతద్దం పెట్టుకున్నా మధ్యమధ్యలో ఆ రెండో కన్ను తెరిచి, ఎదురుగా ఎవరున్నారో చూస్తూ ఉండు.

పిన్ని